డొమైన్ రెన్యువల్ నోటీసు: అసలేదో, నకిలీ ఏదో తెలియడం లేదెందుకు?

వెబ్‌సైట్ పెట్టుకున్న దుకాణానికి గానీ, బడికి గానీ, నర్సింగ్ హోమ్‌కు గానీ ఏడాదికోసారి ఒక మెయిల్ వస్తుంది. మీ డొమైన్ గడువు దగ్గరపడింది, వెంటనే డబ్బు కట్టండి, లేకపోతే వెబ్‌సైటూ మెయిళ్లూ ఆగిపోతాయి అని అందులో ఉంటుంది. డొమైన్ అంటే ఏడాదికింత కట్టి తీసుకునే వెబ్‌సైట్ పేరు. పంపినవాళ్ల పేరు ఎప్పుడూ విన్నట్టు ఉండదు. అది దొంగ మెయిల్ అనుకుని పక్కన పడేసి డొమైన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. నిజమని నమ్మి డబ్బు కట్టి మోసపోయినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ చివరికి దక్కే మాట ఒకటే: చూసుకోవాలి కదా అని. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూస్తే ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. చూసుకున్నా తెలియని విధంగా పేర్లూ తేదీలూ ధరలూ తయారై ఉన్నాయి.

ముందు ఈ సరుకు ఎన్ని చేతులు మారి వస్తుందో చూడాలి. డాట్ కామ్ పేర్లన్నిటి పట్టిక అమెరికాలోని వెరిసైన్ కంపెనీ దగ్గర ఉంటుంది. అలా పట్టిక నడిపే సంస్థను రిజిస్ట్రీ అంటారు. రిజిస్ట్రీ జనానికి నేరుగా అమ్మదు. ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ గుర్తింపు పొందిన రిజిస్ట్రార్లకు టోకున ఇస్తుంది, వాళ్లు మనకు అమ్ముతారు. రిజిస్ట్రార్ల కింద మళ్లీ రీసెల్లర్లు ఉంటారు. వీళ్లకు ఐకాన్ గుర్తింపు అక్కర్లేదు, ఏదో ఒక రిజిస్ట్రార్‌తో ఒప్పందం ఉంటే చాలు. వెబ్‌సైట్ ఉంచడానికి చోటు అద్దెకిచ్చే చిన్న హోస్టింగ్ కంపెనీలు ఎక్కువగా ఈ కోవలోవే. మన ఊళ్లలో ఇంకో మెట్టు కూడా ఉంటుంది. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడే డొమైన్ కూడా కొంటాడు, తన అకౌంట్‌లో, తన మెయిల్ ఐడీతో. దుకాణం యజమానికి తెలిసింది ఆ కుర్రాడొక్కడే. అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాక నోటీసులు ఎవరి ఇన్‌బాక్స్‌కు పోతున్నాయో ఎవరికీ పట్టదు.

ఇన్ని మెట్లున్నప్పుడు ప్రతి మెట్టులోనూ ఒక్కో పేరు. మన దేశంలో చిన్న హోస్టింగ్ వ్యాపారులు చాలామంది రీసెల్లర్‌క్లబ్ అనే సంస్థ నుంచి తెచ్చి అమ్ముతుంటారు. అలా కొన్న ఒక డాట్ కామ్ పేరును, ఏ డొమైన్ ఎవరిదో చూపే హూఈజ్ అనే బహిరంగ రికార్డులో వెతికితే రిజిస్ట్రార్ అన్నచోట కనిపించేది మనం కొన్న హోస్టింగ్ కంపెనీ పేరు కాదు, రీసెల్లర్‌క్లబ్ పేరూ కాదు. పీడీఆర్ లిమిటెడ్ అని, పక్కనే పబ్లిక్‌డొమైన్‌రిజిస్ట్రీ డాట్ కామ్ అని ఉంటుంది. ఇది ముంబయికి చెందిన డైరెక్టీ సంస్థ మొదలుపెట్టిన వ్యాపారం. 2014లో అమెరికా కంపెనీ ఎండ్యూరెన్స్ కొనుక్కుంది. 2021లో ఎండ్యూరెన్స్ వెబ్ వ్యాపారాన్నీ వెబ్‌డాట్‌కామ్ అనే కంపెనీనీ కలిపి న్యూఫోల్డ్ డిజిటల్ ఏర్పడింది. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, బిగ్‌రాక్, నెట్‌వర్క్ సొల్యూషన్స్ అన్నీ ఆ గొడుగు కిందికే చేరాయి. బయటికి పోటీదారుల్లా కనిపించే ఇన్ని బోర్డులకు అలా యజమాని ఒక్కరే అయ్యారు.

పబ్లిక్‌డొమైన్‌రిజిస్ట్రీ అన్న పేరు దగ్గర కాస్త ఆగాలి. అది నిజమైన, గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్. మోసం ఏమీ లేదు. కానీ ఆ పేరు వింటే ఏదో ప్రభుత్వ శాఖ అనిపిస్తుంది. పైగా రిజిస్ట్రీ అని ఉంది, ఉన్నదేమో రిజిస్ట్రార్. ఇక మోసపు ఉత్తరాలకు ప్రపంచమంతా పేరుమోసిన సంస్థ పేరు డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా. ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి, ఏది అసలో చెప్పమని కంప్యూటర్ లోకంతో సంబంధం లేని మనిషిని అడిగితే ఏ ఆధారంతో చెప్పగలరు?

యజమాని పేరు సంగతీ అంతే. అడ్రసు, ఫోన్ నంబరు బయటికి కనపడకుండా ప్రైవసీ సర్వీస్ తీసుకుంటే హూఈజ్‌లో యజమాని స్థానంలో వేరే పేరు చేరుతుంది. గోడాడీలో కొన్నవాళ్లకు డొమైన్స్ బై ప్రాక్సీ అని, టుకౌస్ దగ్గరి నుంచి వచ్చిన వాటికి కాంటాక్ట్ ప్రైవసీ ఇంక్ అని, నేమ్‌చీప్ వాటికి ఐస్‌లాండ్‌లోని విత్‌హెల్డ్ ఫర్ ప్రైవసీ అని కనిపిస్తుంది. తన డొమైన్‌కు ఐస్‌లాండ్ అడ్రసు చూసి ఎవరో కాజేశారని టెన్షన్ పడటం సహజం. ప్రైవసీ సర్వీస్ మంచిదే, ఉండాల్సిందే. ఈ పేరు ఇలా కనిపిస్తుందని కొన్న రోజునే ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. చాలా రిజిస్ట్రార్లు ఆ ఒక్క వాక్యం చెప్పరు.

కంపెనీలు చేతులు మారినప్పుడు ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. 2023 జూన్‌లో గూగుల్ తన డొమైన్ల వ్యాపారాన్ని స్క్వేర్‌స్పేస్‌కు అమ్ముతున్నట్టు ప్రకటించింది. దాదాపు కోటి డొమైన్లు చేతులు మారాయి. గూగుల్ అన్న నమ్మకంతో కొన్నవాళ్లకు, అంతకుముందు ఒక్క రూపాయి లావాదేవీ కూడా లేని కంపెనీ నుంచి మెయిళ్లు రావడం మొదలైంది. ఇకపై మీ డొమైన్ మా దగ్గర ఉంటుంది, ఇక్కడ లాగిన్ అవ్వండి అని. సరిగ్గా దొంగ మెయిళ్లు వాడే భాష అదే. 2024 జూలైలో, అలా మారిన డొమైన్లలో క్రిప్టో వ్యాపారాలకు చెందిన కొన్నింటిని దుండగులు చేజిక్కించుకున్నారు. అసలు యజమానులు కొత్త చోట ఇంకా అకౌంట్ తెరవకముందే, వాళ్ల మెయిల్ ఐడీతో వేరొకరు తెరిచే వీలు మిగిలిపోవడమే దానికి కారణమని భద్రతా నిపుణులు విశ్లేషించారు. అనుమానంతో ఆ మెయిల్ ముట్టుకోని జాగ్రత్తపరుడికే ఇక్కడ ముప్పు ఎక్కువ. పేరు మారిందన్న విషయాన్ని నమ్మకంగా చెప్పే దారి లేకపోతే ఇలాగే అవుతుంది.

మోసపు నోటీసుల చరిత్ర డొమైన్ అమ్మకాల్లో పోటీ అంత పాతది. 1999 దాకా డాట్ కామ్ పేర్లు అమ్మింది ఒక్క నెట్‌వర్క్ సొల్యూషన్స్ మాత్రమే. అప్పుడు నోటీసు ఎవరిదన్న ప్రశ్నే లేదు. పోటీకి తలుపులు తెరిచాక ప్రశ్న పుట్టింది. దాన్ని మొదట వాడుకున్నవాళ్లలో ఆ పాత కంపెనీయే ఉంది. 2000లో నెట్‌వర్క్ సొల్యూషన్స్‌ను వెరిసైన్ కొనింది. 2002లో వెరిసైన్ నుంచి పోటీ కంపెనీల ఖాతాదారులకు గడువు నోటీసుల రూపంలో ఉత్తరాలు వెళ్లాయి. రెన్యువల్ అనుకుని సంతకం పెట్టి పంపితే డొమైన్ వెరిసైన్‌కు బదిలీ అయ్యేది. బల్క్‌రిజిస్టర్ అనే రిజిస్ట్రార్ కోర్టుకెక్కితే ఆ ఉత్తరాలు ఆపమని ఆదేశాలొచ్చాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా కేసు పెట్టింది, 2003లో రాజీతో అది ముగిసింది. అంటే డాట్ కామ్ పట్టిక మొత్తం చేతిలో ఉన్న సంస్థే ఆ పని చేసింది. వీధి చివర మోసగాడిని తిట్టేముందు ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా ఉత్తరం ఎలా ఉండేదో చూస్తే ఆ పనితనం అర్థమవుతుంది. అది మెయిల్ కాదు, పోస్టులో వచ్చే కాగితం. పైన డొమైన్ గడువు నోటీసు అన్న శీర్షిక. కింద ఖాతాదారుడి అసలు డొమైన్ పేరు, అసలు గడువు తేదీ, అసలు అడ్రసు. ఇవన్నీ హూఈజ్ నుంచి తీసినవే కాబట్టి ఒక్కటి కూడా తప్పు ఉండదు. ఏడాదికింత, రెండేళ్లకింత, ఐదేళ్లకింత అని టిక్కు పెట్టే గళ్లు. ధర బయట దొరికేదానికి రెండు మూడు రెట్లు. ఇది బిల్లు కాదు, మీరు మా దగ్గరికి మారాలనుకుంటే డబ్బు కట్టే మార్గం మాత్రమే అన్న మాట కూడా ఎక్కడో మధ్యలో ఉండేది. చట్టం అడిగింది కాబట్టి రాశారు, కంటికి ఆనకూడదు కాబట్టి అక్కడ రాశారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసుతో 2003 డిసెంబరులో కోర్టు ఆ సంస్థకు అడ్డుకట్ట వేసింది. అయినా ఉత్తరాలు ఆగలేదు. 2014 జూలైలో ఐకాన్, ఆ సంస్థ ఎవరికి రీసెల్లర్‌గా పనిచేస్తోందో ఆ బ్రాండన్ గ్రే అనే రిజిస్ట్రార్ గుర్తింపును 90 రోజులు సస్పెండ్ చేయాల్సి వచ్చింది. మధ్యలో పదేళ్లు గడిచిపోయాయి.

2018లో యూరప్ డేటా రక్షణ చట్టం వచ్చాక హూఈజ్‌లో అడ్రసులు మూతపడి, పోస్టు ఉత్తరాలకు ముడిసరుకు తగ్గింది. ఆ మేరకు మేలు జరిగింది. ప్రైవసీ లేకుండా డొమైన్ కొన్న మర్నాటి నుంచే వెబ్‌సైట్ చేస్తామంటూ వరుసగా ఫోన్లు వచ్చిన రోజులు మనవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు వేషం మారింది. డొమైన్ నోటీసు అన్న శీర్షికతో మెయిల్ వస్తుంది, గడువు తేదీ ఉంటుంది, కింద మాత్రం రెన్యూ చేసేది డొమైన్ కాదు, సెర్చ్ ఇంజిన్లలో నమోదు అనే అవసరం లేని సేవ. ఇంకోటి చైనా నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. మీ కంపెనీ పేరుతో ఇక్కడ ఎవరో డొమైన్లు అడుగుతున్నారు, మీరు కొనకపోతే వాళ్లకు ఇచ్చేస్తాం అని. అలా అడిగే కంపెనీ ఉండదు. రిజిస్ట్రార్‌కు అలా ముందు మనల్ని అడగాల్సిన పనీ లేదు.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది నిబంధనల్లోనే ఉంది. 2013 నాటి ఐకాన్ ఒప్పందం ప్రకారం కొత్తగా డొమైన్ కొన్నా, వివరాలు మార్చినా మెయిల్ ఐడీని ధ్రువీకరించాలి. రిజిస్ట్రార్ ఒక లింక్ పంపుతాడు. పదిహేను రోజుల్లో ధ్రువీకరించకపోతే డొమైన్‌ను ఆపేయొచ్చు. ఆ మెయిల్ చాలాసార్లు వచ్చేది రీసెల్లర్ పేరుతో కాదు, వెనకున్న రిజిస్ట్రార్ పేరుతో. తెలియని కంపెనీ, గడువు, బెదిరింపు, నొక్కాల్సిన లింక్. తెలియని లింకులు నొక్కవద్దని బ్యాంకులూ పోలీసులూ రోజూ చెబుతున్న లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి, కానీ ఇది నిజమైన మెయిల్. నొక్కకపోతే వెబ్‌సైట్ ఆగిపోవచ్చు. అపరిచిత పేరు చెప్పినట్టు వినకపోతే నష్టపోతావని జనానికి అలవాటు చేసింది ఈ పరిశ్రమే. ఆ అలవాటునే మోసగాళ్లు వాడుకుంటున్నారు.

గడువు నోటీసులకూ నియమాలున్నాయి. 2013 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉన్న ఐకాన్ విధానం ప్రకారం గడువుకు సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, గడువు దాటిన ఐదు రోజుల్లోపు ఇంకొకటి పంపి తీరాలి. మూడు నోటీసులు చాలు. వాటి మధ్యలో ఆఫర్లు, హోస్టింగ్ ప్రకటనలు, ఆఖరి అవకాశం అంటూ పంపే పది పదిహేను మెయిళ్లే అసలువాటిని ముంచేస్తున్నాయి.

తేదీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. నోటీసు అనుమానంగా ఉంటే హూఈజ్‌లో సరిచూసుకో అని తెలిసినవాళ్లు సలహా ఇస్తారు. మంచి సలహానే, కానీ అక్కడా పొరపడే అవకాశం ఉంది. డాట్ కామ్ పేరు గడువు 2025 మార్చి 10న ముగుస్తుందనుకుందాం. యజమాని డబ్బు కట్టలేదు. మార్చి 11న హూఈజ్ చూస్తే రిజిస్ట్రీ గడువు తేదీ అన్నచోట 2026 మార్చి 10 అని కనిపిస్తుంది. గడువు నాడు రిజిస్ట్రీ తనంతట తానే ఏడాది పొడిగించి, ఆ సొమ్ము రిజిస్ట్రార్ ఖాతాకు రాసుకోవడమే దీనికి కారణం. 45 రోజుల్లోపు రిజిస్ట్రార్ దాన్ని రద్దు చేస్తే సొమ్ము వెనక్కి వస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో హూఈజ్‌లో కనపడే కొత్త సంవత్సరం యజమానిది కాదు. అదే పేజీలో కిందికి వెళ్తే రిజిస్ట్రార్ గడువు తేదీ అని ఇంకో వరుస, స్టేటస్ దగ్గర ఆటో రెన్యూ పీరియడ్ అన్న మాట ఉంటాయి. అసలు సంగతి చెప్పేవి అవే. పై తేదీ చూసి, రెన్యూ అయిపోయింది కదా, ఈ మెయిల్ ఎవరో దొంగ పంపాడు అని నిశ్చింతగా ఉంటే డొమైన్ చేజారిపోతుంది.

ఆ 45 రోజుల వెసులుబాటు మొత్తం యజమానికి దక్కుతుందన్న హామీ కూడా లేదు. ఎన్ని రోజులివ్వాలో రిజిస్ట్రార్ ఇష్టం. కొందరు ముందే వేలానికి పెడతారు. రద్దయ్యాక 30 రోజుల రిడెంప్షన్ ఉంటుంది, అందులో వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు రెన్యువల్‌కు ఎన్నో రెట్లు కట్టాలి. ఆ తర్వాత ఐదు రోజులకు పేరు ఎవరికైనా దొరుకుతుంది.

ధర విషయానికొస్తే, డాట్ కామ్‌కు వెరిసైన్ టోకు ధర 2024 సెప్టెంబరు 1న ఏడాదికి 10.26 డాలర్లకు చేరింది. మొదటి ఏడాది దీనికంటే చాలా తక్కువకు అమ్ముతున్నారంటే ఆ తేడా రెండో ఏడాది నుంచి వసూలు చేసుకుంటారనే అర్థం. అందులో తప్పు లేదు, కొన్నప్పుడే రెన్యువల్ ధర తెలిసేలా ఉంటే. ఐకాన్ నిబంధన అదే అడుగుతుంది. పేజీలో మాత్రం మొదటి ధర పెద్ద అక్షరాల్లో, రెన్యువల్ ధర బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఉంటాయి. రెన్యూ చేయబోతే ఐదేళ్లకు ముందే టిక్కు పడి ఉంటుంది, పక్కనే ఎవరూ అడగని రక్షణ ప్యాకేజీలు.

ఆటో రెన్యూ పెట్టుకుంటే ఈ బాధ ఉండదంటారు. మన దేశంలో అదీ పూర్తి నమ్మకం కాదు. రిజర్వ్ బ్యాంకు ఈ-మాండేట్ నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలయ్యాక, కార్డు నుంచి దానంతటదే డబ్బు తీసుకోవాలంటే ముందే నమోదు ఉండాలి, కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి. ఖాతాదారుడికి ఇవి మంచి రక్షణలు. కానీ విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర పాత పద్ధతిలో దాచిన మన కార్డులకు ఈ నమోదు లేక చెల్లింపు తిరస్కరణ అవుతుంది. అకౌంట్‌లో ఆటో రెన్యూ ఆన్ అనే చూపిస్తూ ఉంటుంది. చెల్లింపు జరగలేదన్న మెయిల్ వస్తే, అప్పటికే నకిలీ నోటీసులు చూసి విసిగిన యజమాని దాన్ని కూడా నకిలీగానే లెక్కేస్తాడు.

చట్టం చేతిలో ఆయుధం లేకపోలేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మాయదారి డిజైన్లను గుర్తించి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బుట్టలో చేర్చడం, ధరను చివరి దాకా దాచి విడతలుగా బయటపెట్టడం అందులో ఉన్నాయి. రెన్యువల్ పేజీల్లో కనిపించేవి ఇవే. భారత్‌లో సేవలు అమ్మేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. డొమైన్ వ్యాపారం మీద దీన్ని గట్టిగా ప్రయోగించాలి. నోటీసులో ఫలానా రోజు, ఫలానా దుకాణంలో, ఇంత పెట్టి కొన్నారు, ఇప్పుడు ఇంత కట్టాలి, ఫలానా తేదీ తర్వాత ఇంత అవుతుంది అన్న ఐదారు వరుసలు తప్పనిసరి చేస్తే చాలు. రిజిస్ట్రార్ దగ్గర ఈ వివరాలన్నీ ఉన్నాయి. కొన్న ధర, కొన్న తేదీ మోసగాడి దగ్గర ఉండవు.

పేర్ల గోలను తగ్గించడం సాధ్యమేనని చూపే ప్రయత్నం హైదరాబాద్ నుంచే నడుస్తోంది. బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకు మారాలని రిజర్వ్ బ్యాంకు 2025లో ఆదేశించింది, అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్‌గా మాసాబ్ ట్యాంక్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీని నియమించింది. పేరు ఎవరిస్తారో ఒక్కరే, నోటీసు ఎవరి నుంచి రావాలో కూడా ఒక్కరే. చిన్న వ్యాపారులందరికీ ఇలాంటి ఏర్పాటు కుదరదు, అక్కడ పోటీ ఉండాలి. అయితే అమ్మినవాడి పేరే నోటీసు మీద ఉండాలన్న నియమానికి పోటీ అడ్డు కాదు.

అప్పటిదాకా ఏ గడువు నోటీసు వచ్చినా అందులోని లింక్ ముట్టుకోకుండా, కొన్నచోటి అకౌంట్‌లోకి నేరుగా వెళ్లి తేదీ చూసుకోవడమే పద్ధతి. ఆ అకౌంట్ ఎవరిదో తెలియకపోతే, వెబ్‌సైట్ చేసిన మనిషితో ఈ వారమే మాట్లాడి డొమైన్‌ను సంస్థ మెయిల్ ఐడీ మీదికి మార్పించుకోవాలి. ఆ ఐడీ అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ ఆగిన రోజున దానికి వచ్చే మెయిలూ ఆగుతుంది.

నకిలీ నోటీసుకు ఇప్పటికే డబ్బు కట్టేసినా అన్నీ అయిపోయినట్టు కాదు. అది బదిలీ అయితే, పాత రిజిస్ట్రార్ నుంచి మీ డొమైన్ వెళ్లిపోతోందని మెయిల్ వస్తుంది, ఐదు రోజుల్లో వద్దని చెప్పొచ్చు. డొమైన్‌కు లాక్ ఉండి, బదిలీ కోడ్ ఎవరికీ ఇవ్వకపోతే డాట్ కామ్ పేరు అసలు కదలదు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో వివాదం నమోదు చేయాలి, మోసమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రిజిస్ట్రార్ సేవల మీద అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డాట్ కామ్ లాంటి వాటిపై ఐకాన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, డాట్ ఇన్ అయితే ఆ పేర్ల పట్టిక నడిపే నిక్సీకి రాయాలి. ఫిర్యాదు రాసేముందు నోటీసు, రసీదుతో పాటు ఆ రోజు హూఈజ్ రికార్డును కూడా దాచుకోవాలి. బదిలీ పూర్తయిన మరుక్షణం అందులోని పాత రిజిస్ట్రార్ పేరు చెరిగిపోతుంది.